టైటానియం మీద సింధూరం

ఆ ఏడాది మా తమ్ముడి తలకు కుడివైపు ఎముక లేదు. చెవి పైనుంచి నుదుటి దాకా అరచెయ్యంత మేర పైన చర్మం, లోపల మెదడు. మధ్యలో ఉండాల్సింది లేదు. దగ్గితే అక్కడ చర్మం ఉబ్బేది. లేచి కూర్చుంటే గుంట పడేది. నిద్రలో ఆ గుంట మెల్లగా కొట్టుకుంటూ ఉండేది. మా అమ్మ ఆ వైపు చూడలేకపోయేది, అన్నం పెట్టేటప్పుడు కూడా వాడి ఎడమ పక్కనే కూర్చునేది. నేను మాత్రం వాడు నిద్రపోతుంటే చూసేదాన్ని. ఆ కొట్టుకోవడం ఆగలేదని తెలుసుకోవడానికే చూసేదాన్ని.

వాడు బస్సు కండక్టర్. మాది దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి ఇల్లు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి నాన్న తెచ్చి పెట్టిన కాపురం. నాన్న పోయాక ఇల్లు వాడి జీతం మీద, నా జీతం మీద నడిచేది. తెలంగాణ ఉద్యమం వేడి మీద ఉన్న రోజులవి. ఒక సాయంత్రం ఎల్.బి.నగర్ చౌరస్తాలో టైర్లు కాల్చారు. మర్నాడు పొద్దున డ్యూటీకి బండి మీద పోతుంటే, కాలిన టైర్లలో మిగిలిన ఇనుప తీగలు చక్రానికి చుట్టుకుని మా వాడు పడ్డాడు. హెల్మెట్‌ను తలకు కాక బండి అద్దానికి తగిలించుకునే రకం. ఆ టైర్లు కాల్చినవాళ్లలో తనూ ఉన్నానని తర్వాత వాడే నవ్వుతూ చెప్పేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. ఎంత తెలంగాణ కావాలన్నా, ముందు తల కావాలి కదా అని తిట్టేదాన్ని.

మెదడు వాచిందని, దానికి చోటు కావాలని డాక్టర్లు ఎముక ముక్కను తీసి భద్రం చేశారు. వాపు తగ్గాక తిరిగి పెట్టేద్దామనుకున్నారు. తీరా చూస్తే ఆ ముక్క పాడైపోయింది. అప్పుడు డాక్టరు గారు టైటానియం పలక మాట ఎత్తారు. తల స్కాన్ తీసి, బాగున్న వైపు చూసి రెండో వైపు ఆకారం కంప్యూటర్‌లో గీస్తారు. టైటానియం పొడిని లేజర్‌తో పొర మీద పొరగా కరిగిస్తూ ఆ ఆకారాన్ని నిలబెడతారు. మన దగ్గర అప్పటికి అది కొత్త పని.  అలా అచ్చు తీసిన లోహాన్ని మనిషి ఒంట్లో పెట్టగలిగేలా తయారు చేసే పనే నాది.

మా షెడ్డు ఎల్.బి.నగర్‌లో, పెద్ద రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక సందులో ఉండేది. బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక అక్కడే చేరాను. లేజర్ మిషన్ మా దగ్గర లేదు, అచ్చు వేరే ఊళ్లో తీసి పంపేవాళ్లు. వచ్చినప్పుడు ఆ ముక్కను ముట్టుకుంటే గరుకుగా, బూడిద రంగులో ఉండేది. సగం కరిగి సగం కరగని పొడి గింజలు దాని ఒళ్లంతా అంటుకుని ఉంటాయి. అవి రాలితే మనిషి లోపల రాలతాయి. ముందు గాలి ఒత్తిడితో సన్నటి గరుకు పొడి కొట్టి, పైపైన ఉన్నవాటిని రాలుస్తాం. సందుల్లో దాక్కున్నవాటిని యాసిడ్‌లో ముంచి కరిగిస్తాం. పలక నడిమి భాగం నున్నగా ఉండాలి. అంచు మాత్రం చిన్న చిన్న రంధ్రాలతో జల్లెడలా ఉంటుంది. ఆ రంధ్రాల్లోకి మనిషి ఎముక పెరిగి పలకను పట్టుకుంటుంది. మా కష్టమంతా ఆ అంచుతోనే.

ఇక ఆ యాసిడ్. నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ కలిపినది. రెండోదాని గురించి చేరిన రోజే మా యజమాని నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. కొంచెం పలచగా ఉంటే చర్మం మీద పడినా మొదట మంట తెలియదు. ఏమీ కాలేదనుకుని మనం పని చేసుకుంటూ ఉంటాం. అది లోపలికి దిగి ఎముకను తాకాక తెలుస్తుంది. ఆ గదిలో ఉన్నంతసేపూ నా చేతుల్ని నేనే అనుమానంగా చూసుకునేదాన్ని. పొగను లాగే ఫ్యాను తిరగకపోతే తొట్టి మూత తీయకూడదు. చివరి యాసిడ్ అయ్యాక ఆ లోహాన్ని వట్టి చేత్తో ఎవరూ తాకకూడదు. వేలి జిడ్డు కూడా పనికిరాదు. జిడ్డు లేదని తెలుసుకోవడానికి నీళ్లు పోసి చూసేవాళ్లం. శుభ్రంగా ఉంటే నీళ్లు ఒకే పొరగా పరుచుకుంటాయి, ఏ మూలైనా జిడ్డుంటే అక్కడ నీటి పొర చీలిపోతుంది.

మా యజమానిది గుంటూరు వైపు. మేమంతా సార్ అనే పిలిచేవాళ్లం. ఉద్యమం మొదలయ్యాక గేటు మీద జై తెలంగాణ అని పెద్దక్షరాలతో రాయించాడు. భయంతో రాయించాడో, ఇష్టంతో రాయించాడో నేను అడగలేదు. మా తమ్ముడు బస్సులో నాకు తోడుగా వచ్చినప్పుడల్లా ఆయన్ను ఆట పట్టించేవాడు.

"సార్, రాష్ట్రం ఒస్తే మీరు పోతరా ఏంది? మా అక్కకు జీతం ఎవలిస్తరు మరి?"

"నువ్వు ముందు తల మూయించుకోవయ్యా. రాష్ట్రం సంగతి తర్వాత చూసుకుందాం" అనేవాడాయన.

తమ్ముడి పలకను మన దగ్గరికే తెప్పించమని అడిగితే ఆయన రెండో మాట అనలేదు.

పలక వచ్చేసరికి సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు. స్కూళ్లకు తాళాలు. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్లు. బొగ్గు గనులు ఆగిపోయాయి కాబట్టి కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. షెడ్డులో ఫ్యాను ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆ నిశ్శబ్దంలో తొట్టి మూత వేసి, బయటికి పరుగెత్తుకొచ్చి నిలబడేవాళ్లం. జనరేటర్ నడపడానికి డీజిలు కూడా దొరకడం లేదు. మా తమ్ముడు మాత్రం తలకు టోపీ పెట్టుకుని వంటావార్పు దగ్గరికి పోయేవాడు. పోవద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. ఒకరోజు అక్కడ అన్నం ప్లేటు వాడి ఎడమ చేతిలోంచి జారిపోయింది. ఇంకోటి ఇచ్చారు. అదీ జారిపోయింది. దోస్తులు నవ్వారట. వాడూ నవ్వాడట. ఇంటికొచ్చి నాతో ఒక్కదానితోనే మెల్లగా చెప్పాడు.

"అక్కా, చెయ్యి నా మాట ఇంటలేదే."

డాక్టరు గారు చూసి, తల మీద గుంట లోతు పెరుగుతోందని, బయటి గాలి ఒత్తిడికి మెదడు లోపలికి నలుగుతోందని చెప్పారు. ఆలస్యం చేస్తే ఆ చెయ్యి, తర్వాత ఆ కాలు, తర్వాత ఏమిటో చెప్పలేమన్నారు. దసరా మర్నాడు ఆపరేషన్ పెట్టారు. మళ్లీ కొత్త పలక అచ్చు తీయించాలంటే వారాలు పడుతుంది. అది వచ్చే దారులు కూడా అప్పుడు లేవు. మా చేతిలో ఉన్నది ఆ ఒక్క పలక.

కరెంటు ఉన్నప్పుడల్లా దాని మీదే కూర్చున్నాను. దసరా ముందు రోజు చివరి యాసిడ్ అయిపోయింది. నీళ్లు పోస్తే అంచు నుంచి అంచు దాకా ఒకే పొరగా పరుచుకున్నాయి. నా ఉద్యోగంలో అంత శుభ్రమైన ముక్కను చూడలేదు. స్టీలు పళ్లెంలో పెట్టి, పైన గాజు మూత వేసి, ఆరడానికి లోపలి గదిలో ఉంచాను. మర్నాడు పూజ కాగానే సంచీలో మూసేసి దవాఖానకు పంపాలని అనుకున్నాం.

దసరా పొద్దున షెడ్డులో ఆయుధ పూజ. అమ్మ కూడా వస్తానంది. కొడుకు తలలో పెట్టేదాన్ని ఒక్కసారి కళ్లతో చూసుకుంటానంది. తెల్లవారకముందే కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి నడిచి వెళ్లి, అక్కడి నుంచి నేరుగా షెడ్డుకు వచ్చింది. గాజు మూతలోంచి పలకను చూపించాను. చాలాసేపు చూసింది.

"ఇదేనా వాని బొక్క?" అంది. అవును, వాడి ఎముకే అన్నాను.

సార్ భార్య పసుపు, కుంకుమ పళ్లెం పట్టుకుని అన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చింది. గాలి మిషన్‌కు, తొట్లకు, తక్కెడకు, స్విచ్‌బోర్డుకు, ఆఖరికి యాసిడ్ డబ్బాలకు కూడా. లోపలి గది గడప దగ్గర ఆగి, "ఆ పలకకి కూడా పెట్టనా అమ్మాయ్?" అని అడిగింది. వద్దని గట్టిగా చెప్పాను. పసుపు గానీ, నూనె గానీ, వేలు గానీ తగిలితే చేసిందంతా వృథా అవుతుందని అందరికీ వినబడేలా చెప్పాను. అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నాన్న పోయిన దగ్గర్నుంచి శుభకార్యాల్లో అమ్మ అలా గోడ పక్కనే నిలబడుతుంది. వెనక్కి పొమ్మని ఎవరూ అనరు. ముందుకు రమ్మనీ అనరు. బొట్టు పళ్లెం ఆమె చేతికి ఎవరూ ఇవ్వరు. ఆ రోజూ ఇవ్వలేదు.

గుమ్మడికాయ కొట్టడానికి అందరం గేటు బయటికి వెళ్లాం. తిరిగి వచ్చేసరికి గాజు మూత పక్కకు జరిగి ఉంది. పలక అంచు మీద, జల్లెడ లాంటి ఆ రంధ్రాల మీద, నారింజ రంగులో గుండ్రంగా ఒక బొట్టు. గుడి సింధూరం. నూనెలో కలిపిన సింధూరం. నేను చూస్తుండగానే ఆ నూనె ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రంలోకి పాకుతోంది.

అమ్మ మాతో బయటికి రాలేదు, అక్కడే ఉంది. వేలికి ఇంకా సింధూరం ఉంది. దాచుకోనూ లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం జేసినవే అమ్మా! ఇప్పుడే గద అందరికి చెప్పిన, ముట్టద్దని! చెవులు లేవా నీకు?" అని అరిచాను. కన్నతల్లి మీద అంత గొంతుతో అరవడం అదే మొదలు.

అమ్మ అరవలేదు. "అన్నిటికి పెట్టిండ్రు. ఆ యాసిడు డబ్బాలకు సుత పెట్టిండ్రు. నా కొడుకు బొక్కకు మాత్రం వద్దంటరా? రేపు వాని తలకాయ కోస్తరు. ఆంజనేయుని సింధూరం లేకుంట ఎట్ల పోతడు బిడ్డా?"

  డాక్టరు గారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన, ఆపరేషన్ ఆపితే ప్రమాదమేనని, మళ్లీ మొదటి నుంచి శుభ్రం చేసి తెమ్మని, దవాఖానలో వాళ్లు చేసేది వాళ్లూ చేస్తారని చెప్పారు. సార్ చొక్కా చేతులు మడిచాడు. "రా అమ్మా. కరెంటు ఉన్నంతలో చేద్దాం" అన్నాడు.

నేను తొడుగులు వేసుకుని స్పిరిట్ సీసా తీశాను. అప్పుడు అమ్మ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. 

"కడగకు బిడ్డా. పెట్టిన బొట్టు తుడువద్దు. నాది తుడిసిననాడు నువ్వు సూడలేదా? మళ్ల నా కండ్ల ముందట తుడుస్తవా?"

చూశాను. మర్చిపోలేదు. నాన్న పోయిన పదకొండో రోజున మా ఊళ్లో పెద్దవాళ్లు అమ్మను కూర్చోబెట్టి నుదురు తుడిచినప్పుడు ఆ గుంపులో నేనూ ఉన్నాను. అప్పుడు ఎవరినీ ఆపలేకపోయాను. ఇప్పుడు ఆ పని నేనే చేయాల్సి వచ్చింది. "గిది కడగకుంటె వాడు దక్కడమ్మా" అని ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా విడిపించాను. అమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

సబ్బు నీళ్లు, స్పిరిట్, ఆ తర్వాత సన్నగా వణుకుతూ మురికిని ఊడగొట్టే తొట్టి. ఆ తొట్టి నడుస్తున్నప్పుడే రంధ్రాల్లోని జిడ్డు బయటికి వస్తుంది. పెట్టిన కాసేపటికే కరెంటు పోయింది. సిరంజితో రంధ్రం రంధ్రానికీ స్పిరిట్ కొడుతూ కూర్చున్నాం. కొట్టినకొద్దీ నారింజ రంగు కారింది, పలచబడింది, ఆగింది. కరెంటు వచ్చింది. మళ్లీ తొట్టిలో వేశాం. మళ్లీ పోయింది. బయట చౌరస్తా నుంచి మైకులో పాటలు వినబడుతున్నాయి, మా వాడికి ఇష్టమైన పాటలే. ఆ పాటలు పాడేవాళ్ల వల్లే కరెంటు లేదని, వాళ్లలో మా వాడూ ఒకడని గుర్తొచ్చి, ఎవరిని తిట్టుకోవాలో తెలియలేదు.

మధ్యాహ్నం దాటాక కరెంటు కాస్త నిలబడింది. ఫ్యాను తిరిగింది. యాసిడ్‌లో మరోసారి ముంచాం. ఎక్కువసేపు ఉంచడానికి లేదు, అంచులోని సన్నని పోగులు అరిగిపోతాయి. తీసి నీళ్లు పోశాను. నీళ్లు ఒకే పొరగా పరుచుకున్నాయి. మైక్రోస్కోప్ కింద అంచంతా తిప్పి తిప్పి చూశాను. కంటికి అందినంతలో ఏమీ లేదు. జల్లెడ లోపలి వంపుల్లోకి మాత్రం ఏ మైక్రోస్కోపూ వంగి చూడలేదు. ఆ సంగతి నాకూ తెలుసు, సార్‌కూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. పలకను సంచీలో పెట్టి మూశాను.

దవాఖానకు సార్ స్కూటర్ మీదే బయలుదేరాం. చౌరస్తాలో పిల్లలు అడ్డం వచ్చారు. ఎటు పోతున్నారని అడిగారు. సార్ నోరు తెరిచి, "అత్యవసరం బాబూ, ఆసుపత్రికి వెళ్లాలండీ" అనగానే ఆ యాసకు వాళ్ల ముఖాలు మారిపోయాయి. ఒకడు తాళంచెవి మీద చెయ్యి వేశాడు.  వెనకనుంచి మా తమ్ముడి దోస్తు ఒకడు నన్ను గుర్తుపట్టాడు.

"అరే, పోనియ్యుండ్రి రా! గా కండక్టరన్న తలకాయ రేకు అది!"

దారి ఇచ్చారు. పండగ కదా, తాళంచెవి పట్టుకున్న పిల్లవాడే సార్ చేతిలో దసరాకు బంగారమని పంచే జమ్మి ఆకు పెట్టి, "బంగారం తీస్కో సార్" అన్నాడు. సార్ ఆ ఆకును జేబులో వేసుకుని బండి కదిపాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక వాడి తల గుండ్రంగా ఉంది. కొన్నాళ్లకు ఎడమ చేత్తో చాయ్ గ్లాసు పట్టుకున్నాడు. పట్టుకుని, తాగకుండా, అందరికీ చూపించుకుంటూ ఇల్లంతా తిరిగాడు. సమ్మె అయిపోయింది, బస్సులు తిరిగాయి, వాడు మళ్లీ టికెట్లు కొట్టాడు. అమ్మ వాడి కుడి పక్కన కూర్చుని అన్నం పెట్టింది. ఆ నెలలు మాకు బాగా గడిచాయి. నేను మాత్రం వాడి తల దువ్వే నెపంతో రోజూ మచ్చ అంచును వేలితో తడిమి చూసేదాన్ని.

ఎండాకాలంలో ఒకరోజు నా వేలికి అక్కడ మెత్తగా తగిలింది. కొంచెం వేడిగా ఉంది. వాడు చెమటకాయ అన్నాడు. నేను బండి ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాను. లోపల చీము పట్టింది. మందులు ఇచ్చారు. తగ్గలేదు. పలక తీసేశారు. అప్పటికే చీము మెదడులోకి దిగింది. జ్వరంలో వాడు మమ్మల్ని గుర్తుపట్టకుండా బస్సు స్టాపుల పేర్లు పిలిచేవాడు. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట అని పిలిచి, ఎవరూ దిగనందుకు విసుక్కునేవాడు. ఒక తెల్లవారుజామున ఆ పిలుపు కూడా ఆగిపోయింది. రాష్ట్రం రావడం వాడు చూడలేదు.

తీసేసిన పలకను అడిగి తెచ్చుకున్నాను. సార్ వద్దన్నాడు. "చూసి ఏం చేస్తావమ్మా? ఇలాంటివి ఎందుకైనా వస్తాయి. డాక్టరు గారు కూడా అదే అన్నారు కదా" అన్నాడు. నిజమే. వంద దారుల్లో రావచ్చు. అయినా నాకు చూడక తప్పలేదు. ఉడికించి, కడిగి, అంచును సన్నగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. లోపలి వంపులో, ఒక రంధ్రం అడుగున, జిడ్డు గట్టిపడి ఉంది. ఆ జిడ్డులో నారింజ రంగు. రక్తం ఎండితే ఆ రంగులో ఉండదు. నూనె అడ్డం ఉన్నచోట యాసిడ్ కూడా పోలేదు.  అది వాడి ప్రాణం తీసిందని చెప్పలేను, తీయలేదనీ చెప్పలేను.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. నేను ఎక్కడి నుంచి వస్తున్నానో ఆమెకు తెలుసు. చెప్పులు విప్పకముందే అడిగింది.

"ఆ రేకుల నేను పెట్టింది ఏమన్న మిగిలి ఉండెనా బిడ్డా?"

ఆమె ముఖం చూశాను. ఉందని చెబితే ఆ రాత్రి కూడా బతకదనిపించింది.

"లేదమ్మా. అంత సాఫ్ ఉన్నది. ఒక్క నలక గూడ లేదు."

 అమ్మ తల ఎత్తి, నాన్న పోయిన రోజున కూడా చూడని చూపుతో నన్ను చూసింది.

"అయితే నువ్వు కడిగినందుకే పోయిండు" అంది.

"అవునమ్మా" అన్నాను.